ఇచ్చే డబ్బు ఎలా ఇస్తే సంస్థ నిలబడుతుంది?

పోయిన నెల విరాళాల గురించి ఒక చిన్న ప్రశ్నకి జవాబు రాస్తే దాని వెనకాలే వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ చూసి, ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇచ్చేస్తున్నాను. ఇచ్చేవాళ్లూ రాశారు, పుచ్చుకునేవాళ్లూ రాశారు, మధ్యలో నలిగిపోయే అకౌంటెంట్లూ రాశారు. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి పేట పేరు మాత్రం ఉంచి, ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్రశ్న: నాన్నగారి పేరు మీద చిన్న ట్రస్టు పెట్టుకున్నాం. అన్నదమ్ములం ముగ్గురం కలిసి ఏడాదికి 18 లక్షల దాకా ఇవ్వగలం. ఏటా పది పన్నెండు సంస్థలకి లక్షో లక్షన్నరో పంచుతున్నాం. ప్రతి రూపాయీ పిల్లలకే చేరాలని, జీతాలకీ అద్దెలకీ ఆఫీసు ఖర్చులకీ మా డబ్బు వాడకూడదని కండిషన్ పెట్టాం. బస్తీ పిల్లలకి సాయంత్రం బడి నడిపే ఒకావిడ మొన్న మా చెక్కు మర్యాదగా తిప్పి పంపించారు. మా పద్ధతిలో ఏదైనా లోపం ఉందా? (కూకట్‌పల్లి)

జవాబు: ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. ఆ కండిషన్‌తో మీ డబ్బు తీసుకుంటే ఆవిడకి పని పెరుగుతుంది తప్ప భారం తగ్గదు. ఎలాగో లెక్కవేసి చూద్దాం.

బోరబండలాంటి చోట ఒక బస్తీలో సాయంత్రం బడి అనుకోండి, అరవై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒక్కొక్కరికి నెలకి 12,000 జీతం, అంటే ఏడాదికి 2,88,000. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అయితే పీఎఫ్ కట్టి తీరాలి. సంస్థ వాటా, దాని మీద చిల్లర ఛార్జీలు కలిపి 13 శాతం, ఈఎస్ఐకి ఇంకో 3.25 శాతం, రెండూ కలిపితే 46,800. గది అద్దె నెలకి 6,000 చొప్పున 72,000. పుస్తకాలు, బోర్డు, ఫ్యాను రిపేరు, ఇలాంటివన్నీ కలిపి 40,000. ఇక్కడికి 4,46,800 అయింది. ఇలాంటి బడులు ఐదింటిని తిరిగి చూసుకునే సూపర్‌వైజర్‌కి నెలకి 25,000 ఇస్తే, అందులో ఈ బడి వాటా 60,000. అకౌంటెంటు, ఆడిట్ ఫీజు, ఆఫీసు కరెంటు బిల్లు, వీటిలో వాటా ఇంకో 45,000. మొత్తం 5,51,800.

ఇప్పుడు మీ కండిషన్ పెట్టి చూడండి. టీచర్ల జీతం కూడా జీతమే, గది అద్దె కూడా అద్దే. మీ డబ్బు వెళ్లగలిగేది ఆ 40,000 వరుసలోకి మాత్రమే. మిగతా 5,11,800 ఆవిడ ఇంకెక్కడో వెతుక్కోవాలి, పైగా మీ లక్షన్నర ఖర్చు పెట్టడానికి అవసరం లేనివి కొనాలి. ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. నగరంలోనే ఒక సంస్థ స్టోర్ రూమ్‌లో స్కూలు బ్యాగుల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉండగా చూశాను, ముగ్గురు దాతల లోగోలతో మూడు రకాలు. అక్కడి పిల్లలకి అప్పటికే ఒకటికి రెండు బ్యాగులున్నాయి. అదే సంస్థలో టీచర్లకి రెండు నెలల జీతం బాకీ. ఒక టీచరమ్మ ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకోవడానికి మానేసింది కూడా. ఆ పిల్లలకి చదువు రావాలంటే కావలసింది ఆవిడే కదా. ప్రతి రూపాయీ పిల్లలకే చేరాలన్న మీ కోరిక నెరవేరాలంటే అది ఆ టీచరు జీతం రూపంలోనే చేరుతుంది, ఇంకో దారి లేదు.

ఆఫీసు ఖర్చు తక్కువ ఉంటే మంచి సంస్థ అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. మన దేశంలో పేరున్న 40 సంస్థల లెక్కలు బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ వాళ్లు తీసి చూస్తే, ఇలాంటి పరోక్ష ఖర్చులు 5 శాతం నుంచి 51 శాతం దాకా ఉన్నాయి. అంత తేడా ఎందుకంటే పనులు వేరు. బియ్యం బస్తాలు పంచే సంస్థకి తక్కువ అవుతుంది, ఊరూరా మనుషుల్ని పెట్టి తిరిగే సంస్థకి ఎక్కువ అవుతుంది. అందరికీ కలిపి ఒకే శాతం గీస్తే, నిజం రాసిన సంస్థ నష్టపోతుంది, ఆడిట్ ఫీజుని శిక్షణ ఖర్చు కింద రాసిన సంస్థ గట్టెక్కుతుంది. అబద్ధం రాయడం మనమే నేర్పినట్టు అవుతుంది.

అందుకని మీ ముగ్గురూ కూర్చుని రెండు విషయాలు మార్చమని నా సలహా. ఒకటి, ఆ కండిషన్ పూర్తిగా తీసేయండి. సంస్థ పని మీద నమ్మకం కుదిరాక డబ్బు దేనికి వాడాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. అమెరికాలో మెకెంజీ స్కాట్ అనే కోటీశ్వరురాలు 2020 నుంచి ఇలాగే ఇస్తున్నారు, పెద్ద పెద్ద మొత్తాలు, దేనికి వాడాలన్న షరతు లేకుండా. ఆవిడ దగ్గరున్న డబ్బు మన దగ్గర లేకపోవచ్చు గానీ ఆ పద్ధతి పాటించడానికి కోట్లు అక్కర్లేదు, మీ 18 లక్షలతోనూ కుదురుతుంది.

రెండోది, పన్నెండు సంస్థలకి పంచడం మానేయండి. లక్షన్నర తీసుకున్న సంస్థ మీకు ప్రపోజల్ రాయాలి, రిపోర్టు రాయాలి, ఫోటోలు పంపాలి, మీ వార్షికోత్సవానికి రావాలి. పది లక్షల గ్రాంటుకి అయ్యే శ్రమ దాదాపు అంతే. నాలుగు సంస్థల్ని ఎంచుకుని ఒక్కొక్కదానికి ఏడాదికి 4 లక్షలు, మూడేళ్లపాటు ఇస్తామని ముందే కాగితం మీద రాసివ్వండి. మిగిలిన 2 లక్షలు అత్యవసరాలకి ఉంచుకోండి, వరదలో గది మునిగినా, హఠాత్తుగా ఎవరో దాత చెయ్యిచ్చినా వారం తిరక్కుండా ఇచ్చేలా. మూడేళ్ల మాట రాతలో ఉంటే సంస్థ ఎంత మారిపోతుందో బయటివాళ్లకి తెలీదు. మంచి టీచరుని ఏడాది కాంట్రాక్టు మీద పట్టుకోవడం కష్టం. వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ఫిబ్రవరి నుంచే వేరే చోట వెతుక్కుంటుంది.

మరి మోసపోతే? ఆ భయం న్యాయమైనదే. జాగ్రత్తంతా డబ్బు ఇచ్చే ముందు పడండి. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు అడగండి, ఆదాయపు పన్ను మినహాయింపు కోసం తీసుకునే 12ఏబీ, 80జీ రిజిస్ట్రేషన్ కాగితాలు చూడండి, ట్రస్టీల్లో ఎంతమంది ఒకే కుటుంబం వాళ్లో చూడండి. తర్వాత ఒక సాయంత్రం బడికి వెళ్లి వెనక కూర్చోండి, బ్యానరూ బొకే వద్దని ముందే చెప్పి. పిల్లవాడి నోట్‌బుక్ తెరిస్తే టీచరు దిద్దిన గుర్తులున్నాయో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. చివరగా సంస్థ నడిపే మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: పోయిన ఏడాది మీరు చేసిన వాటిలో ఏది పనిచేయలేదు, దానికి ఏం చేశారు? దీనికి సూటిగా జవాబు చెప్పే మనిషికి ధైర్యంగా ఇవ్వొచ్చు.

ప్రశ్న: మాది మధ్యస్థాయి మందుల కంపెనీ. నా అసలు ఉద్యోగం హెచ్ఆర్, సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) పని కూడా నా నెత్తినే పెట్టారు. బోర్డు ఆమోదం వచ్చేసరికి జనవరి దాటిపోతుంది. మార్చి 31 లోపల ఖర్చు పెట్టి యూసీ (డబ్బు దేనికి వాడారో చూపే సర్టిఫికెట్) ఇవ్వమని సంస్థల వెంట పడతాను, నాకూ టెన్షన్, వాళ్లకీ టెన్షన్. చట్టంలో అడ్మిన్ ఖర్చు 5 శాతమే అని ఉందని సంస్థలకీ అదే పెడుతున్నాం. ఇంతకంటే మెరుగ్గా చేసే వీలుందా? (జీడిమెట్ల)

జవాబు: చాలా ఉంది. మీ ఇబ్బందుల్లో సగం చట్టం పెట్టినవి కావు, మనం అలవాటు చేసుకున్నవి.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఏడాదిలో నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి.

5 శాతం సంగతి. అది కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి పెట్టే సొంత పరిపాలన ఖర్చు మీద పెట్టిన హద్దు. అంటే మీ జీతంలో వాటా, మీ టేబులు, మీ ప్రయాణాల్లాంటివి. ప్రాజెక్టు రూపకల్పనకి, అమలుకి, పర్యవేక్షణకి, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణల్లో ఉంది. సంస్థ మెడకి ఆ 5 శాతాన్ని తగిలించమని ఎక్కడా లేదు. మీ సీఏని కూర్చోబెట్టుకుని బడ్జెట్ ఫారం మళ్లీ రాయండి. సూపర్‌వైజర్ జీతం, ప్రాజెక్టు లెక్కలు రాసే అకౌంటెంటు సమయం, పీఎఫ్, ఈఎస్ఐ, సంస్థ కొనే సామానుకి కట్టే జీఎస్టీ, వీటన్నిటినీ ప్రాజెక్టు ఖర్చుగా విడివిడి వరుసల్లో చూపించనివ్వండి. జీఎస్టీ గురించి ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, మీ కంపెనీ వ్యాపారానికి కొనే సామాను మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, చాలా సేవా సంస్థలకి రాదు. 18 శాతం పన్నున్న ల్యాప్‌టాప్ వాళ్లకి నిజంగానే ఆ 18 శాతంతో కలిపి పడుతుంది. కొటేషన్‌లో పన్ను లేని ధర చూసి గ్రాంటు మంజూరు చేసే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి, తేడా సంస్థ జేబులోంచి పోతుంది.

మార్చి హడావుడికి కూడా మందు చట్టంలోనే ఉంది. కొనసాగే ప్రాజెక్టు అని బోర్డు ముందుగా తీర్మానించుకుంటే, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు. ఆ ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని ఆర్థిక సంవత్సరం ముగిశాక 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టుకోవచ్చు. కొనసాగే ప్రాజెక్టుగా రాసుకోకపోతేనే మిగిలిన డబ్బు ఆరు నెలల్లో ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధిలాంటి వాటికి వెళ్లిపోతుంది. కాబట్టి జనవరిలో బోర్డు ముందు పెట్టే కాగితాన్ని మే నెలలో పెట్టించండి. గత మూడేళ్ల లాభాల లెక్క అప్పటికి దాదాపు చేతిలోనే ఉంటుంది. జూన్‌లో బడులు తెరుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో టీచర్లని ఎంచుకుని శిక్షణ ఇవ్వాల్సిన సంస్థకి డబ్బు ఫిబ్రవరిలో అందితే, పరీక్షల ముందు పిల్లల చేతిలో ట్యాబ్ పెట్టి ఫోటో దిగడం తప్ప వాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు.

విడతల గురించి కూడా ఒక మాట. మొదటి విడత ఆరు నెలల ఖర్చుకి సరిపోవాలి, రెండోది ఫలానా తేదీకి అని ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) రాయాలి. రిపోర్టు మీకు నచ్చాక, మీ ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టాక అని రాస్తే, మీ ఆఫీసులో ఒకాయన సెలవు మీద వెళ్లినందుకు అక్కడ పాతిక మందికి ఒకటో తారీకున జీతం పడదు. రిపోర్టు ఆలస్యమైతే ఫోన్ చేసి అడగండి, డబ్బు మాత్రం ఆపకండి. లెక్కల్లో తేడా కనిపిస్తే అప్పుడు ఆపండి, అది వేరే విషయం.

ఇంకొకటి, పన్నెండు లక్షల ప్రాజెక్టుకి మూడో పార్టీతో ప్రభావ అధ్యయనం చేయించమని అడుగుతున్నారని మీ ఉత్తరం చివర రాశారు. చట్టం ఆ అధ్యయనం అడిగేది సగటున ఏడాదికి 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలని, అదీ కోటి రూపాయలు, అంతకు పైబడిన ప్రాజెక్టులకి. మీకు వర్తించదు. ఆ డబ్బుతో ఇంకో టీచరుని పెట్టించండి, మీరే ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూడండి.

ప్రశ్న: ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తాను, పద్నాలుగు మంది స్టాఫ్. మా మేడం రూపాయి రూపాయి పొదుపు చేసి నాలుగు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచారు. మా పాత ఫండర్ బ్యాలెన్స్ షీట్ చూసి, మీ దగ్గర డబ్బుందిగా అని ఈ ఏడు గ్రాంటు సగానికి తగ్గించారు. కొత్తగా ఇంకొకరు ఇస్తామన్నారని తెలిసి మిగతా సగం కూడా అనుమానమే అంటున్నారు. పొదుపు చేయడం తప్పా? (చాంద్రాయణగుట్ట)

జవాబు: తప్పు కాదండీ. మీ మేడం చేసిందే సరైన పని, ఆ ఫండర్‌కి ఈ పేజీ చూపించండి.

ఫండర్లూ, దయచేసి ఇది ఆలోచించండి. మీరు ఇచ్చేది మారదని తెలిస్తే సంస్థ ఇంకో దాత కోసం కష్టపడి తిరుగుతుంది. అవతల లక్ష రాగానే ఇవతల లక్ష కోసేస్తే తిరగడం ఎందుకు? పొదుపు కనిపిస్తే కోత పడుతుందంటే మార్చిలోపు అన్నీ ఖర్చు చేసేసి ఖాళీ ఖాతా చూపిస్తుంది. ఆ తర్వాత ఏప్రిల్‌లో జీతాలకి అప్పు చేస్తుంది. అందరికంటే జాగ్రత్తగా ఉన్న సంస్థకే అందరికంటే తక్కువ డబ్బు అందే ఏర్పాటు ఇది.

నాలుగు నెలల నిల్వ అసలు ఎక్కువే కాదు. మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం సేవా సంస్థ తనకొచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి, మామూలుగా దాచుకోగలిగేది 15 శాతమే. ఖర్చు కాని డబ్బు ఎక్కువ రోజులు దాచాలంటే విడిగా ఫారం దాఖలు చెయ్యాలి. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు 2021 జనవరి నుంచి కార్పస్‌లోకి, అంటే సంస్థ మూలనిధిలోకి, తీసుకునే వీలే లేదు. కాబట్టి నాలుగు నెలల నిల్వ పోగేయడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో, ఎన్ని ఖర్చులు చంపుకుని ఉంటారో ఆలోచించండి. మీ మేడంతో చెప్పి ట్రస్టీల మీటింగులో ఒక తీర్మానం చేయించండి: సంస్థ ఆరు నెలల ఖర్చుకి సరిపడా నిల్వ ఉంచుకుంటుంది, దాన్ని ఫలానా సందర్భాల్లో మాత్రమే తీస్తుంది అని. ఆ కాగితం ప్రతి ప్రపోజల్‌తో జతచేయండి. అప్పుడు ఆ డబ్బు మిగిలిపోయిన డబ్బులా కనిపించదు.

ఒక్క దాత మీద ఆధారపడితే ఏమవుతుందో హైదరాబాద్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ కుంభకోణం బయటపడింది. 2005లో ఇక్కడే మొదలైన 108 అంబులెన్స్ సేవల వెనక ఉన్నది ఆ కంపెనీ అధినేత కుటుంబం అండే. గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీళ్లు, వైద్యం, చదువుల మీద పనిచేసిన బైర్రాజు ఫౌండేషన్ వెనక ఉన్నదీ వాళ్లే. 108కి నడిపే ఖర్చులో అధిక భాగం ప్రభుత్వాలు భరిస్తుండటం, తర్వాత జీవీకే సంస్థ ముందుకు రావడం వల్ల అంబులెన్సులు ఆగలేదు. ఫౌండేషన్‌కి అలాంటి రెండో ఆసరా లేదు, దెబ్బ నేరుగా తగిలింది. అందులో పనిచేసినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల నీళ్ల ప్లాంట్లలో లోపమేమీ లేదు. డబ్బు వచ్చే దారి ఒక్కటే కావడం వల్ల అలా జరిగింది.

కాబట్టి ఫండర్‌కి ఇలా రాయండి: మా మొత్తం బడ్జెట్ ఇంత, నిల్వతో కలిపి మాకు కావలసింది ఇంత, ఆ హద్దు దాటేదాకా ఇతరులు ఎంత ఇచ్చినా మీ వాటా తగ్గించవద్దు, దాటితే మేమే మీకు చెప్తాం. నిజాయితీగా ఆలోచించే దాత ఎవరైనా దీనికి ఒప్పుకుంటారు.

మీ రెండో ప్రశ్న, ముందు వేరేవాళ్లు ఇస్తే మేమూ ఇస్తాం అని ఇద్దరు దాతలు ఒకరి కోసం ఒకరు ఆగిపోయారన్నారు. ఇది మామూలే, చాలా సంస్థలు ఇక్కడే నెలలు పోగొట్టుకుంటాయి. ఇద్దరిలో ఒకరిని అడిగి, రెండోవాళ్లు ఇంత ఇస్తే మేం ఇంత ఇస్తాం, ఫలానా తేదీ దాకా ఈ మాట మీద ఉంటాం అని రాయించుకోండి. ఆ కాగితం పట్టుకుని రెండోవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఇలా జతగా ఇస్తామన్న మాటకి బలం ఉంది. కార్లాన్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో పాత దాతలకి పంపిన ఉత్తరాల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మీరిచ్చినదానికి సమానంగా ఇంకొకరు ఇస్తారని రాస్తే ఉత్తరానికి వచ్చే డబ్బు 19 శాతం పెరిగింది. రూపాయికి రెండు, రూపాయికి మూడు ఇస్తామన్నప్పుడు అంతకంటే ఎక్కువేమీ పెరగలేదు. అంటే దాత దగ్గర రూపాయికి రూపాయి చొప్పున మాట తీసుకుంటే చాలు, మిగతాది వేరే పనికి అడగొచ్చు.

ప్రశ్న: బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పని పూర్తి చేసి ఫలితం చూపించాకే డబ్బు ఇవ్వాలి, అప్పుడే జవాబుదారీతనం ఉంటుందని నా అభిప్రాయం. మీరేమంటారు? (సైనిక్‌పురి)

జవాబు: ఫలితం అడగడం సరైనదే. కానీ పని జరిగేదాకా ఆ పనికి పెట్టుబడి ఎవరు పెడతారన్న ప్రశ్న ఒకటుంది. చిన్న సంస్థకి మీ బ్యాంకు కూడా అప్పు ఇచ్చేది కాదు కదా.

ఈ పద్ధతిని సక్రమంగా చేసిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. రాజస్థాన్‌లో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి మూడేళ్లు ఆడపిల్లల్ని బడిలో చేర్పించి చదువు చెప్పించే పని ఇలాగే చేసింది. ముందు డబ్బు యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ పెట్టింది, ఫలితం వస్తే తిరిగి చెల్లిస్తానని ఇంకో ఫౌండేషన్, సీఐఎఫ్ఎఫ్, మాటిచ్చింది, ఫలితాన్ని ఐడీఇన్‌సైట్ అనే మూడో సంస్థ కొలిచింది. 2018లో చూస్తే బడిలో చేర్పించడంలో లక్ష్యానికి 116 శాతం, చదువులో 160 శాతం వచ్చాయి. మొదట్లో వెనకబడ్డారు, మధ్యలో పద్ధతులు మార్చుకున్నారు. మార్చుకోగలిగారంటే కారణం, డబ్బు ముందే చేతిలో ఉండటం, ఇలాగే ఖర్చు పెట్టాలన్న కట్టడి లేకపోవడం. నష్టం వస్తే భరించడానికి ఒకరు ముందుకొచ్చారు, కొలవడానికి అయ్యే ఖర్చు ఇంకొకరు పెట్టారు.

మీరు ఇచ్చే రెండు మూడు లక్షలకి ఇదంతా పెట్టుకుంటే కొలతకే డబ్బు చాలదు. పైగా పాసైన పిల్లల లెక్కన డబ్బంటే, ఎలాగూ పాసయ్యే పిల్లల్నే చేర్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, వెనకబెంచీ పిల్లవాడు బయటే ఉండిపోతాడు. ముందు ఇచ్చి, ఏడాది చివర వెళ్లి కూర్చుని, ఏం అనుకున్నారు ఏం జరిగింది అని గంటసేపు మాట్లాడండి. 34 ఏళ్ల అనుభవం ఉన్న మీరు వాళ్ల లెక్కలు రాసే అమ్మాయికి నెలకోసారి దారి చూపిస్తే అది కూడా పెద్ద సాయం.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అక్కడి పౌరసత్వం వచ్చింది. కోడలిది ఇంకా మన పాస్‌పోర్టే. మా కాలనీ పక్కనున్న వృద్ధాశ్రమానికి ఏటా ఇస్తామంటున్నారు. నాకు పంపిస్తే నేను ఇచ్చేస్తాను, సరిపోతుందా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: సరిపోదమ్మా, ఆ దారిలో వద్దు. మీ అబ్బాయి ఇప్పుడు విదేశీ పౌరుడు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన విరాళం విదేశీ విరాళమే అవుతుంది. మీ చేతి మీదుగా ఇచ్చినా చట్టం దాన్ని అలాగే చూస్తుంది, ఇబ్బంది మీకూ ఆశ్రమానికీ ఇద్దరికీ. ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే ఆయన డబ్బు తీసుకోగలరు, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చుకి 20 శాతం మించి వాడకూడదు.

కోడలి సంగతి వేరు. భారత పౌరురాలు కాబట్టి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో నేరుగా ఆశ్రమానికి పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఆశ్రమం వాళ్ల ఫైల్లో ఉంచమనండి. ఏడాదికొకసారి పెద్ద మొత్తం పంపే బదులు నెలనెలా ఇంత అని ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టమనండి. వంటమనిషి జీతం, మందుల బిల్లు నెలనెలా వస్తాయి కాబట్టి ఆశ్రమానికి అదే సుఖం.

ప్రశ్న: ఏడేళ్లుగా ఒక సంస్థకి మా స్నేహితుల బృందం ఇస్తోంది. వాళ్ల ఖర్చులో దాదాపు మూడో వంతు మాదే. మా ఆలోచన ఇప్పుడు చెరువుల పని మీదకి మళ్లింది. వాళ్ల మీద ఫిర్యాదు ఏమీ లేదు. ఎలా మానేయాలి? (ఉప్పల్)

జవాబు: అడిగినందుకు సంతోషం. చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు, సంస్థకి సంగతి ఏప్రిల్‌లో అర్థమవుతుంది.

మూడో వంతు అంటే కొందరి ఉద్యోగాలు మీ చేతిలో ఉన్నట్టు. ఈ నెలలోనే వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి, తర్వాత అదే మాట ఉత్తరంలో ఇవ్వండి. వచ్చే ఏడాది పూర్తి మొత్తం, ఆ పై ఏడాది సగం, తర్వాత సున్నా, ఇలా రాయండి. వీలైతే ఆ రెండేళ్లలో కొత్త దాతల్ని వెతికే మనిషి జీతం మీరే విడిగా భరించండి, ప్రాజెక్టు డబ్బులోంచి కోసి మాత్రం వద్దు. పని బాగా లేక మానట్లేదని, మా ఆసక్తి మారిందని ఒక సర్టిఫికెట్‌లాంటి ఉత్తరం ఇవ్వండి. కొత్త ఫండర్ మొట్టమొదట అడిగేది పాతవాళ్లు ఎందుకు వెళ్లిపోయారనే. ఆ ఉత్తరం మీద మీ ఫోన్ నంబరు కూడా వేసి, ఎవరైనా చేస్తే మాట్లాడండి. మీకు తెలిసిన నలుగురు దాతలకి మీరే స్వయంగా పరిచయం చేయండి. ఆ రెండేళ్లలో రిపోర్టులు అడగడం తగ్గించండి, వాళ్ల టైమంతా కొత్త ప్రపోజల్స్ రాయడానికే కావాలి.